బౌద్ధ ధ్యానం, మనోవైద్యం: హోసూరు రోడ్డు దాకా ఒక చరిత్ర

బెంగుళూరు నుంచి ఆగ్నేయంగా సాగి, అత్తిబెలె దగ్గర కర్ణాటక పొలిమేర దాటి తమిళనాట అడుగుపెట్టే రహదారికి హోసూరు రోడ్డని పేరు. ఆ రోడ్డుకు నగరం వైపు కొసన, జనం నిమ్హాన్స్ అని పిలుచుకునే జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ ఉంది. ఇటు హోసూరు దాటి రాయకోట దారి పట్టినవారికి ఉద్దనపల్లి తగులుతుంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపించే ఈ మొరసునాటి సీమ మొదట సేలం జిల్లాలోను, 1965 నుంచి ధర్మపురి జిల్లాలోను, 2004 నుంచి కృష్ణగిరి జిల్లాలోను ఉంటూ వచ్చినా, మనసుకు జబ్బు చేసినప్పుడు మాత్రం ఇక్కడి కుటుంబాల చూపు సరిహద్దుకు అవతల ఉన్న ఆ ఆసుపత్రి వైపే మళ్లుతూ వచ్చింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించడం, మొక్కులు మొక్కడం, ఏదీ పనిచేయనప్పుడు ఆఖరున నిమ్హాన్స్‌కు తీసుకుపోవడం ఈ ప్రాంతానికి పరిచయమైన క్రమమే.

ఆ ఆవరణలోని నాడీ శరీరధర్మశాస్త్ర విభాగంలో, ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో, బౌద్ధ ధ్యానాన్ని ఏళ్ల తరబడి అభ్యసించినవారిని రాత్రంతా పడుకోబెట్టి వారి నిద్రను యంత్రాలతో కొలిచారు. భిక్షువుల సాధన ఒకటి మానసిక వైద్య పరిశోధనాలయంలో పరిశీలనాంశం కావడానికి వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో బర్మా, జపాను, అమెరికా, ఇంగ్లండులతో పాటు తెలుగు నేల కూడా కనిపిస్తుంది. ఈ మొత్తం కథను దగ్గరగా చూసినవారికి ఒక సంగతి స్పష్టమవుతుంది. ఏ మనిషికి ఏ ధ్యానం తగును అన్న ప్రశ్నను ప్రాచీన బౌద్ధాచార్యులు మొట్టమొదటే వేసుకున్నారు. ఆధునిక శాస్త్రం చాలాకాలం దాన్ని పక్కన పెట్టి, ధ్యానం మంచిదా కాదా అన్న ఒకే ప్రశ్నతో సరిపెట్టుకుని, ఇటీవలే తిరిగి ఆ పాత ప్రశ్న దగ్గరకు చేరుకుంది.

క్రీ.శ. ఐదవ శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో బుద్ధఘోషుడు రచించిన విశుద్ధిమార్గం థేరవాద బౌద్ధుల ధ్యాన శాస్త్రానికి ప్రామాణిక గ్రంథం. ఆయన బోధగయ ప్రాంతపు బ్రాహ్మణుడని సింహళ సంప్రదాయం చెబుతుండగా, ఆ కథను తోసిపుచ్చి ఆయన తెలుగు దేశపువాడని ధర్మానంద కోశాంబి వంటి పండితులు వాదించారు. ఈ గ్రంథంలో నలభై కర్మస్థానాలు వివరించారు. కర్మస్థానం అంటే మనసును నిలపడానికి సాధకుడు ఎంచుకునే ఆలంబనం. శ్వాస, మైత్రీభావన, మట్టితోనో రంగుతోనో చేసిన వలయం, శవం కుళ్లిపోయే దశలు, ఇలా అవి పలు రకాలు. సాధకులను కూడా ఆయన రాగ, ద్వేష, మోహ, శ్రద్ధా, బుద్ధి, వితర్క చరితులని ఆరు తెగలుగా విభజించి, ఎవరికి ఏ ఆలంబనం తగునో నిర్దేశించాడు. రాగం అధికంగా ఉన్నవానికి అశుభ భావన, కోపిష్ఠికి మైత్రి, మోహంలో మునిగినవానికీ ఆలోచనలు తెగనివానికీ శ్వాస మీద ఎరుక తగినవని ఆయన నిర్ణయం.

మనిషి స్వభావాన్ని గుర్తుపట్టడానికి ఆ గ్రంథం చూపే గురుతులు గొప్ప పరిశీలనతో కూడుకున్నవి. విహార ప్రాంగణాన్ని ఊడ్చేటప్పుడు రాగచరితుడు చీపురును కుదురుగా పట్టి, తొందర లేకుండా, ఇసుకను సమంగా పరుస్తూ శుభ్రంగా ఊడుస్తాడు. ద్వేషచరితుడు చీపురును బిగించి పట్టి, రెండు పక్కలా ఇసుక ఎగజిమ్ముతూ, కర్కశమైన చప్పుడుతో హడావుడిగా ఊడుస్తాడు. మోహచరితుడి పట్టు వదులుగా ఉండి, ఊడ్చిన చోటు శుభ్రంగానూ ఉండదు, సమంగానూ ఉండదు. నడక, నిద్ర, భోజనం విషయంలోనూ ఇలాంటి వర్ణనలే ఉన్నాయి. సాధకుని ఇంత దగ్గరగా కనిపెట్టి చూసే ఆచార్యుణ్ని కల్యాణమిత్రుడు అన్నారు. కర్మస్థానాన్ని అటువంటివాని నుంచే స్వీకరించాలని విధించారు.

ఈ జాగ్రత్తకు కారణం కూడా బౌద్ధ వాఙ్మయంలోనే ఉంది. బుద్ధుడు వైశాలిలో ఉండగా భిక్షువులకు అశుభ భావనను ప్రశంసించి కొంతకాలం ఏకాంతంలోకి వెళ్లాడని, ఆ సాధనలో మునిగిన పలువురు భిక్షువులు తమ దేహాల మీద విరక్తి ముదిరి ప్రాణాలు తీసుకున్నారని, తిరిగి వచ్చిన బుద్ధుడు సంఘం పలచబడడం గమనించి మిగిలినవారికి ఆనాపానసతిని, అంటే లోపలికి బయటికి నడిచే శ్వాస మీద ఎరుకను బోధించాడని సంయుత్తనికాయమూ వినయపిటకమూ చెబుతున్నాయి. ధ్యానం వల్ల హాని జరిగే వీలుందని, ఒక సాధన వికటిస్తే మరొకటి ఇవ్వాలని ఒక మతం తన పవిత్ర గ్రంథంలోనే రాసి పెట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఆధునిక వైద్య పత్రికలు ధ్యానపు దుష్ప్రభావాల గురించి కొత్తగా కనుగొన్నట్టు రాసేటప్పుడు ఈ వైశాలి వృత్తాంతాన్ని తలచుకోకపోవడం లోపమే.

ధ్యానం విహారాలు దాటి గృహస్థుల చేతికి రావడం పందొమ్మిదవ శతాబ్ది చివరి పరిణామం. 1885లో బ్రిటిషువారు ఎగువ బర్మాను ఆక్రమించి రాజును పదవీచ్యుతుణ్ని చేశాక, రాజపోషణ లేని భిక్షుసంఘం క్షీణిస్తుందన్న బెంగ వ్యాపించింది. ధర్మాన్ని సామాన్యులే మోయాలన్న ఆలోచనతో లేడీ సయడా అనే భిక్షువు (1846–1923) రైతులకు, వర్తకులకు సైతం బౌద్ధ తత్త్వశాస్త్రమైన అభిధర్మాన్ని, విపశ్యనను బోధించాడు. విపశ్యన అంటే శరీరంలో, మనసులో క్షణక్షణం పుట్టి గిట్టే అనుభవాలను ప్రతిక్రియ లేకుండా గమనించడం. మనసును ఒకే ఆలంబనం మీద నిలిపి శాంతపరిచే శమథానికి ఇది తరువాతి మెట్టు. లేడీ సయడా శిష్యుడు సయా థెట్‌జీ వ్యవసాయదారుడు. ఆయన శిష్యుడు ఊ బా ఖిన్ స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ప్రభుత్వోద్యోగి.

మాండలేలో పుట్టిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా 1955లో ఊ బా ఖిన్ దగ్గరకు వచ్చాడు. మార్ఫిన్ తప్ప మరేదీ ఉపశమనం ఇవ్వని పార్శ్వపు తలనొప్పి ఆయనను పీడిస్తుండేది. తలనొప్పి పోగొట్టుకోవడానికే వచ్చానన్నప్పుడు ఊ బా ఖిన్ చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు. దుఃఖ విముక్తి కోసం ఉద్దేశించిన సాధనను ఒక దేహబాధకు మందుగా వాడుకోవడం దాని విలువ తగ్గించడమేనని, మనసును శుద్ధి చేసుకోవడానికైతే రమ్మని, ఆ దారిలో జబ్బు దానంతటదే పోతే పోవచ్చునని ఆయన వైఖరి. ధ్యానాన్ని చికిత్సగా చూడవచ్చునా అన్న వివాదం ఆసుపత్రుల్లోకి రాకముందే ఈ గురుశిష్యుల నడుమ తలెత్తింది. చిత్రమేమంటే, 1969లో గోయెంకా భారతదేశానికి రావడానికి ప్రేరణ ఆయన తల్లికి వచ్చిన నాడీ సంబంధమైన అస్వస్థతే. ఆ జులైలో బొంబాయిలో జరిగిన మొదటి శిబిరంలో ఆయన తల్లిదండ్రులూ కూర్చున్నారు.

తెలుగు నేల మీద ఈ సాధన త్వరగానే నాటుకుంది. హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ దారిలో 1976లో ఏర్పడిన ధమ్మఖేత్త, దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో ఒకటి. ఆ తరువాత నాగార్జునసాగర్‌లో ధమ్మనాగజ్జున, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా విజయరాయిలో ధమ్మవిజయ వెలిశాయి. ఉద్దనపల్లి వైపువారికి దగ్గరిది బెంగుళూరు తుమకూరు రోడ్డు పక్కన ఆలూరులోని ధమ్మపఫుల్ల. అదే బెంగుళూరులో 1956లోనే ఆచార్య బుద్ధరక్ఖిత స్థాపించిన మహాబోధి సొసైటీ కూడా ధ్యానాన్ని బోధిస్తూ వచ్చింది. పదిరోజుల విపశ్యన శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రోజుకు సుమారు పది గంటలు కూర్చోవాలి. మాట ఉండదు, ఫోను ఉండదు, పుస్తకం ఉండదు. మొదటి మూడు రోజులూ ఆనాపానసతి, నాలుగో రోజు నుంచి విపశ్యన. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారు దాన్ని నయం చేసుకుందామన్న ఆశతో రావద్దని ఆ శిబిరాల నియమావళే చెబుతుంది, దరఖాస్తులో ఆరోగ్య వివరాలు అడుగుతుంది. ఆనాటి వైశాలి పాఠం ఈ రూపంలో నిలిచి ఉందనుకోవచ్చు.

ధ్యానాన్ని యంత్రాలతో కొలిచే ప్రయత్నం మరో దారిన సాగింది. ఫ్రెంచి వైద్యురాలు తెరేజ్ బ్రోస్ 1935లో గుండె చప్పుడు నమోదు చేసే పరికరంతో భారతదేశానికి వచ్చి యోగులను పరీక్షించింది. 1950లలో బాగ్చీ, వెంగర్ అనే ఇద్దరు మెదడు విద్యుత్తును గీసే ఈఈజీ యంత్రాన్ని వెంటబెట్టుకుని దేశమంతా తిరిగారు. ఈఈజీ అంటే తలకు అతికించిన చిన్న లోహపు బిళ్ళల ద్వారా మెదడు కణాల విద్యుత్ తరంగాలను కాగితం మీద నమోదు చేసే పద్ధతి. మనిషి మెలకువగా ఉండి ప్రశాంతంగా కళ్లు మూసుకున్నప్పుడు అందులో ఆల్ఫా అనే నెమ్మది తరంగాలు కనిపిస్తాయి, ఏదైనా శబ్దం వినబడగానే అవి తెగిపోతాయి.

ఈ ఆల్ఫా తరంగాల మీదే 1960లలో రెండు పేరొందిన అధ్యయనాలు వచ్చాయి. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ పరీక్షించిన యోగులు సమాధిలో ఉండగా వెలుగు, శబ్దం, వేడి ఏవీ వారి ఆల్ఫాను చెదరగొట్టలేదు. ఇద్దరు నాలుగు డిగ్రీల చన్నీటిలో దాదాపు ముప్పావుగంట చెయ్యి ఉంచినా అలలు అలాగే ఉన్నాయి. 1966లో టోక్యోలో కాసమత్సు, హిరాయి జెన్ బౌద్ధ గురువులకు కొద్ది క్షణాల ఎడంతో టిక్కుమనే చప్పుడును పదేపదే వినిపించారు. మామూలు మనుషుల మెదడు నాలుగైదు చప్పుళ్ల తరువాత అలవాటుపడి స్పందించడం తగ్గిస్తుంది. జెన్ గురువుల మెదడు మాత్రం మొదటి చప్పుడుకు ఎలా స్పందించిందో చివరి చప్పుడుకూ అలాగే, రెండు మూడు సెకండ్లు ఆల్ఫాను ఆపి, తిరిగి నెమ్మదించింది. ఏకాగ్రతలో లోకం నుంచి తలుపు మూసుకునే శమథానికీ, తలుపు తెరిచి ఉంచి ప్రతిదాన్నీ కొత్తగా చూసే ఎరుకకూ మధ్య బౌద్ధులు చెప్పిన తేడా యంత్రానికి చిక్కిందని పలువురు సంబరపడ్డారు. 1981లో బెకర్, షపీరో అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు ఆ తేడా కనబడలేదు. ఈ రెండో వార్త మొదటి వార్తంత ప్రచారం పొందకపోవడం ఈ రంగానికి తరచుగా పట్టిన దురవస్థ.

హోసూరు రోడ్డు మీది సంస్థ ఈ రంగంలోకి రావడానికి తనదైన నేపథ్యం ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు పిచ్చాసుపత్రి 1925లో మానసిక వైద్యశాలగా పేరు మార్చుకుని, 1930లలో ఇప్పుడున్న చోటికి వచ్చింది. అక్కడ 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది, ఆసుపత్రీ సంస్థా కలిసి 1974 డిసెంబరులో నిమ్హాన్స్ అయ్యాయి. నాడీ శరీరధర్మశాస్త్ర విభాగపు ఆచార్యుడు టి. దేశిరాజు, షర్లీ టెల్లెస్ కలిసి 1993లో బ్రహ్మకుమారీల రాజయోగ ధ్యానం గుండె, శ్వాసల మీద చూపే ప్రభావాలను ప్రకటించారు. సామాజిక మనోవైద్యాచార్యుడు ఆర్.ఎల్. కపూర్ స్వయంగా సాధన చేసి, సాధువుల మధ్య తిరిగి, ఆ అనుభవాలను వైద్యుడి కళ్లతో పుస్తకంగా రాశాడు. ఆ పరంపరలోనే బిందు కుట్టి బృందం విపశ్యన సాధకుల నిద్ర అధ్యయనాలను 2006లోను, ఆ తరువాత 2010లోను ప్రకటించింది.

మనిషి నిద్రలో గాఢనిద్ర అనే నెమ్మది తరంగాల దశ ఒకటి, కనుగుడ్లు వేగంగా కదులుతూ కలలు వచ్చే దశ మరొకటి ఉంటాయి. నడివయసు వచ్చేసరికి గాఢనిద్ర బాగా తగ్గిపోతుంది. ధ్యానం తెలియని నడివయసు పురుషులలో ఈ తగ్గుదల స్పష్టంగా కనిపించగా, అదే వయసు విపశ్యన సాధకుల గాఢనిద్ర యువకులకు దగ్గరగా నిలిచిందనీ, కలల దశ కూడా మెరుగ్గా ఉందనీ ఆ పరిశోధకులు గుర్తించారు. నిద్రలేమి కుంగుబాటుకూ ఆందోళనకూ తోడుగా వచ్చేది కనుక ఈ ఫలితం విలువైనది. అయితే ఇది ఒకే సమయంలో రెండు గుంపులను పోల్చి చూసిన అధ్యయనం. ఏళ్ల తరబడి మద్యానికి దూరంగా, వేళకు నిద్రించే క్రమశిక్షణతో బతికినవారి నిద్ర బాగుండడంలో ధ్యానం వాటా ఎంతో, జీవన విధానం వాటా ఎంతో ఇటువంటి పోలిక తేల్చలేదు.

చెరసాలల్లో జరిగిన ప్రయోగాలు కూడా చెప్పుకోదగ్గవి. జైపూరు జైలులో 1975లో మొదలైన విపశ్యన శిబిరాలు, కిరణ్ బేడీ అధికారిగా ఉన్నప్పుడు ఢిల్లీలోని తీహారు జైలుకు వచ్చాయి. 1994 ఏప్రిల్‌లో అక్కడ వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి పదిరోజులు మౌనంగా కూర్చున్నారు. మనోవైద్యుడు చందీరమణి, ఆయన సహచరులు ఖైదీలను పరీక్షించి ఆందోళన, కుంగుబాటు, శత్రుభావం తగ్గాయని నివేదించారు.

బౌద్ధ ధ్యానాన్ని ప్రపంచ వైద్యంలోకి నడిపించిన మలుపు మాత్రం అమెరికాలో వచ్చింది. బోధగయలో గోయెంకా శిబిరాల్లోను, ధ్యాన గురువు మునీంద్ర దగ్గరా నేర్చుకున్న యువ అమెరికన్లు 1976లో మసాచుసెట్స్‌లోని బారేలో ధ్యాన కేంద్రం స్థాపించారు. జెన్‌తో పాటు ఆ సంప్రదాయమూ తెలిసిన జాన్ కబాట్ జిన్ 1979లో అక్కడికి దగ్గరలోని వూస్టర్ వైద్య కళాశాలలో, మందులకు లొంగని నొప్పులతో బాధపడేవారి కోసం కొన్ని వారాల శిక్షణ ప్రారంభించాడు. మతపరమైన మాటలన్నీ తీసివేసి, మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఎరుక, అనే పేరుతో ధ్యానాన్ని నేర్పాడు. 1982లో ఆయన ప్రకటించిన తొలి వ్యాసంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్న 51 మందిలో 65 శాతం మందికి నొప్పి కనీసం మూడోవంతు తగ్గింది; పోల్చడానికి చికిత్స పొందని బృందం మాత్రం లేదు. ఈ శిక్షణలో అందరికీ ఒకే పాఠం, ఒకే వ్యవధి. బుద్ధఘోషుడి ఆరు తెగలు అక్కడితో కనుమరుగయ్యాయి. శాస్త్రీయ పరీక్షకు ఏకరూపత అవసరం కనుక దాన్ని తప్పుపట్టలేము, కానీ కల్యాణమిత్రుని చూపు పోయిన నష్టం తరువాత బయటపడింది.

తొలి హెచ్చరిక 2000లో వచ్చిన ఒక మంచి ఫలితంలోనే దాగి ఉంది. టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ ఈ శిక్షణకు మనోవైద్యపు ఆలోచనా చికిత్సను జోడించి, కుంగుబాటు నుంచి కోలుకున్న 145 మంది మీద పరీక్షించారు. మూడు లేక అంతకు మించి మార్లు కుంగుబాటుకు లోనైనవారిలో మామూలు వైద్యంతో 66 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఈ శిక్షణ పొందినవారిలో 37 శాతానికే తిరగబెట్టింది. రెండేసార్లు జబ్బుపడినవారికి మాత్రం ఏ ప్రయోజనమూ కనబడలేదు. తరువాతి అధ్యయనాల్లో బాల్యంలో హింసకు గురైనవారికి ఎక్కువ మేలు జరుగుతున్నట్టు కనిపించింది. 2015లో 424 మంది మీద జరిగిన బ్రిటిష్ పరీక్షలో మందులు కొనసాగించినవారికీ, ఈ శిక్షణ పొందుతూ మందులు తగ్గించుకున్నవారికీ జబ్బు తిరగబెట్టడం దాదాపు సమానంగానే ఉంది. 2022లో ఆందోళన వ్యాధి ఉన్న 276 మంది మీద చేసిన అమెరికన్ పరీక్షలో ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఎస్సిటాలోప్రామ్ అనే మందుకు తీసిపోలేదు.

ఇదే కాలంలో నిరాశపరిచిన ఫలితాలూ వచ్చాయి. 2014లో గోయల్ బృందం 47 పరీక్షలను, 3,515 మంది వివరాలను ఒకచోట చేర్చి బేరీజు వేసి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ఓ మోస్తరు మేలు ఉందని, అయితే వ్యాయామం, మందులు వంటి ఇతర చికిత్సల కన్నా ధ్యానం మిన్న అనడానికి ఆధారం లేదని తేల్చింది. బ్రిటనులో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లల మీద జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, అందరికీ ఒకేలా నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు మామూలు పాఠాల కన్నా మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. 2020లో ఫరియాస్ తదితరులు 83 అధ్యయనాలను పరిశీలించి, సాధకుల్లో సుమారు 8 శాతం మందికి ఆందోళన, కుంగుబాటు వంటి అవాంఛిత అనుభవాలు కలిగినట్టు లెక్కగట్టారు. స్కిజోఫ్రెనియా చరిత్ర ఉన్నవారికి తీవ్రమైన ఏకాంత ధ్యానంలో వ్యాధి తిరగబెట్టిన ఉదంతాలను మనోవైద్యులు 1979లోనే నమోదు చేశారు. ఎవరికి, ఎంత, ఎవరి పర్యవేక్షణలో అన్న ప్రశ్నలు ఇప్పుడు పరిశోధనలకు కేంద్రంగా మారుతున్నాయంటే, పదిహేను వందల ఏళ్ల కిందట చీపురు పట్టే తీరును గమనించమన్న ఆచార్యుని పద్ధతికి శాస్త్రం తన దారిలో దగ్గరవుతున్నట్టే.

ఉద్దనపల్లి వంటి ఊళ్లకు ఈ చరిత్ర పుస్తకాల్లో మిగిలిపోయే విషయం కారాదు. నిమ్హాన్స్ నాయకత్వంలో 2015–16లో తమిళనాడు సహా 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేల్చింది. స్వల్పమైన ఆందోళన, నిద్ర పట్టకపోవడం, కోలుకున్నాక తిరిగి వచ్చే కుంగుబాటు వంటివాటికి తగిన గురువు దగ్గర నేర్చిన ధ్యానం తోడ్పడుతుందనడానికి ఆధారాలున్నాయి. మతి భ్రమించినవారికి, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవారికి ముందు కావలసింది వైద్యుడు. వాడుతున్న మందులను ధ్యానం పేరిట సొంతంగా ఆపివేయడం ప్రమాదకరం. పదిరోజుల శిబిరానికి వెళ్లదలచినవారు తమకు గతంలో మానసిక వ్యాధి ఉంటే దరఖాస్తులో దాచకూడదు, ముందుగా చికిత్స చేసిన వైద్యుని సలహా తీసుకోవాలి. ఆసుపత్రికి వెళ్లే వీలు వెంటనే లేనివారి కోసం 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. నిమ్హాన్స్ ప్రధాన కేంద్రంగా నడిచే ఈ సేవకు 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.